వెన్న కట్టని పొద్దు

ఆ ఇంటికి కోడలిగా వెళ్లిన మూడోనాడు మా అత్త నా చేతికి కవ్వపు తాడు అందించింది. అంతవరకూ ఆ పని ఆమెదే. ఆమెకి ముందు వాళ్ల అత్తది. మా ఊరు గజపతినగరానికి రెండు కోసుల దూరం. చెరువు కింద కాస్త వరి, మెట్ట మీద చోళ్లు, గంట్లు, పాడికి రెండు గేదెలు. వేకువన లేచి చల్ల చిలకడం కోడలి పని. వెన్న తీసి, ముద్ద చేసి, గిన్నెలో వేసి అత్తకి చూపించాలి. చూపించాకే మిగతా పనులు.

చల్ల చెయ్యడంలో పెద్ద విద్యేమీ లేదనుకుంటారు. ఉంది. రాత్రి పడుకోబోయే ముందు పెరట్లో ఆరుబయట ఒక ముంతనిండా నీళ్లు పెట్టాలి. తెల్లవార్లూ ఆ నీళ్లు గాలికి చల్లబడతాయి. కవ్వం ఆడిస్తూ ఆడిస్తూ నురగ విరిగే వేళకి ఆ నీళ్లు కుండలో పోస్తే, వెన్న ఆవగింజల్లా పైకి తేలి చేతికి ముద్ద కట్టుకొస్తుంది. గాలిలో చలవ లేకపోతే ముంతలో నీళ్లూ వెచ్చగానే ఉంటాయి. అప్పుడు ఎంత చిలికినా వెన్న కట్టదు. నూనెలా జారిపోయి కుండ గోడలకి పూసుకుంటుంది. చేతికి జిడ్డు మిగులుతుంది, అంతే.

మా అత్త వాళ్ల అత్త, ఎండ వాకిట్లోకి వచ్చి తిరగలి రాయిని తాకేదాకా తీరిగ్గా చల్ల చేసేదట. వైశాఖంలో కూడానట. వేసవిలో అందరూ పెరట్లోనే పడుకునేవారనీ, తెల్లవారుజామున దుప్పట్ల కోసం లాక్కునేవారనీ మా అత్త చెప్పేది. ఆమె కోడలిగా వచ్చేసరికి ఎండ పొడ రాకముందే పని ముగించాల్సి వచ్చింది. నేను వచ్చేసరికి కోడి కూయగానే కూర్చోవాలి. లేకపోతే ఫాల్గుణం దాటాక వెన్న దక్కదు.

ఇది ఎందుకిలా అయిందని ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. కోడలి చెయ్యి అన్నారు. మా అత్తని వాళ్ల అత్త అంది, నీ చెయ్యి కాకచెయ్యి, ఒట్టి వేడి, నీ చేతిలో వెన్న నిలవదని. మా అత్త నన్ను అంది. మూడు తరాల ఆడవాళ్లం ఒకే తాడు పట్టుకుని లాగాం. ప్రతి తరంలోనూ పొద్దు కాస్త ముందుకి జరిగింది. ప్రతి తరంలోనూ తప్పు కోడలిదే.

అవి అరవైల చివరి రోజులు. అంతకుముందు వరుసగా వానలు తప్పి, చెరువు నెర్రెలిచ్చి, చోడి అంబలి కూడా పలచబడిన కాలం చూసి ఉన్నాం. ఆ పైన ఒక ఏడు కాస్త వానలు పడ్డాయి కానీ వేడి మాత్రం పోలేదు. శృంగవరపుకోట దగ్గర మా పుట్టిల్లు కొండ అడుగున ఉంటుంది. కొండల మీద చెట్లు కొట్టేస్తున్నారని, ఊటగెడ్డలు, అదే కొండవాగులు, మాఘానికే ఎండిపోతున్నాయని మా అమ్మ కబురంపింది. మా ఊళ్లో ఎండాకాలం పొద్దున్నంతా పడమటి గాలి కొట్టి, అన్నాలవేళ దాటాక సముద్రం వైపు నుంచి గాలి మళ్లేది. ఆ గాలి రాగానే ముసలివాళ్లు అరుగుల మీదకి వచ్చి కూర్చునేవారు. ఆ ఏడు చైత్రంలోనే ఆ గాలి తప్పడం మొదలైంది. ఒకరోజు వస్తే మూడురోజులు రాదు.

ఆ చైత్రంలోనే మా ఆడపడుచు తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది.

మా ఆయనకి ఒక్కతే చెల్లెలు. బొబ్బిలి దగ్గర ఊరికి ఇచ్చారు. నాకంటే రెండేళ్లు చిన్న. ఆ పిల్ల ఇంట్లో ఉంటే ఇల్లు నిండుగా ఉండేది. కుదురుగా కూర్చోదు, నోరు ఊరుకోదు. నేను చల్ల చేస్తుంటే పక్కన చేరి, కుండలో వేలు పెట్టి నాకి, వాళ్లమ్మ గొంతు అనుకరిస్తూ "ఏటే, నీ సేతిలో ఎన్న ఏటయిపోతన్నాది, నువ్వే మింగెత్తన్నావేటి" అనేది. నాకు నవ్వాగేది కాదు. తాడు జారిపోయేది. లోపలినుంచి అత్త దగ్గితే ఇద్దరం నోరు మూసుకునేవాళ్లం.

ఆమె వచ్చిన పదిరోజులకి ఒక వేకువన వెన్న కట్టలేదు. ముంతలో నీళ్లు పోశాను, ఇంకా పోశాను, కట్టలేదు. అత్తకి ఖాళీ గిన్నె చూపించాను. ఆమె నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఆ పొద్దున నూతి దగ్గర నలుగురు ఆడవాళ్ల ముందు మెల్లిగా అంది, కడుపుతో ఉన్న కూతురికి కాస్త నెయ్యి పెట్టుకుందామంటే నా కోడలి చేతికి వెన్న దక్కదు తల్లీ, అని. వాళ్లు నా చేతుల వైపు చూశారు. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను.

మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. జలదారి పక్కన గొయ్యి తీసి ఇసక పోసి, అందులో ముంత మెడదాకా పాతి, చుట్టూ తడి గోనెపట్టా కప్పుతారు. గాలి ఎంత వేడిగా ఉంటే గోనె తడి అంత ఆరుతుంది, అంత చల్లబడతాయి ముంతలో నీళ్లు. ఆ పద్ధతి మా అత్తకి తెలీదు. మా అత్తగారి ఊళ్లో ఎవరికీ తెలీదు. పెరటి చివర స్నానాల దడి వెనక నేను అలాగే గొయ్యి తీసుకున్నాను. ఆరుబయట పెట్టే ముంత పెట్టినట్టే పెట్టి, వేకువన ఇసకలో ముంత నీళ్లు తెచ్చి కుండలో పోసేదాన్ని. మర్నాడు వెన్న ముద్దగా కట్టింది. గిన్నెలో తెల్లగా, గట్టిగా. అత్త ముందు పెట్టాను. ఆమె వేలితో నొక్కి చూసి తల ఊపింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

చెప్పొచ్చును. ఇలా చేశానత్తా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే అది నా చేతి గొప్ప కాకుండా పోతుంది. అందుకని చెప్పలేదు.

రోహిణి కార్తె ఇంక నాలుగైదు రోజులుందనగా మా ఆడపడుచుకి నొప్పులు వచ్చాయి. ఒక పగలంతా కష్టపడి సాయంత్రానికి ఆడపిల్లని కన్నది. మంత్రసాని బొడ్డు కోసి, పిల్లని కడిగి, తల్లీ బిడ్డా క్షేమమే అని చెప్పి చీర పట్టుకుని వెళ్లిపోయింది. ఆ మాట నిజమే. ఆ సాయంత్రం ఇద్దరూ క్షేమంగానే ఉన్నారు.

పురుడు అంటే మా ఇళ్లల్లో ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి తెలీదు. పడమటి గది తలుపు మూసి, కిటికీకి గోనె కడతారు. బాలింతకి చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ బిగిస్తారు. నులకమంచం కింద కుంపటి. దాంట్లో నిప్పు ఆరకూడదు. దాహం అంటే పచ్చినీళ్లు ఇవ్వరు. వాము వేసి కాచిన నీళ్లు పొద్దున ఒక చిన్న గ్లాసు, సాయంత్రం ఒకటి. నీళ్లు తాగితే పొట్ట జారుతుందని, చలవ తగిలితే నరాల్లోకి దిగి సన్నిపాతం కమ్ముతుందని భయం. చలికాలం పురుళ్లకి పెట్టిన పద్ధతో ఏమో నాకు తెలీదు. కాలం ఏదైనా పద్ధతి ఒకటే.

మా అత్త చెడ్డది కాదు. ఈ మాట ఇక్కడే చెప్పాలి. ఆమెకి ఒక అక్క ఉండేది. మార్గశిరంలో పురుడు పోసుకుని, కుంపట్లో నిప్పు ఆరిపోయిన ఒక తెల్లవారుజామున వణుకు పుట్టి, మూడోరోజుకి పోయింది. ఆ రాత్రి కుంపటి చూసుకోవాల్సింది మా అత్తే. పదేళ్ల పిల్ల, నిద్రపోయింది. ఆ అక్క వణుకు ఆమె కళ్లల్లోంచి జీవితాంతం పోలేదు. చలవ అంటే ఆమెకి పామంత భయం.

అయినా ఆమె గుడ్డిగా నిప్పు పెట్టే మనిషి కాదు. వాళ్ల అత్త దగ్గర నేర్చుకున్న లెక్క ఒకటి ఆమెకి ఉంది. వేకువన వెన్న కట్టిందంటే గాలిలో ఇంకా చలవ ఉన్నట్టు. అప్పుడు కుంపటి ఉండాలి. వెన్న కట్టని పొద్దు వచ్చిందంటే గాలిలో చలవ చచ్చిపోయినట్టు. ఆ రోజు కుంపటి తీసేసి, కిటికీ గోనె విప్పి, బాలింతకి దాహానికి ఇవ్వొచ్చు. తన ఒంటిని ఆమె నమ్మేది కాదు. నడి ఎండాకాలంలో కూడా ఆమె కాళ్లు మంచుముద్దల్లా ఉండేవి. కాళ్ల మీద దుప్పటి లేకుండా నేను ఆమెని చూడలేదు. ముసలి ఒళ్లు అబద్ధం చెబుతుంది, వెన్న చెప్పదు అనుకుంది.

ఈ లెక్క ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు తెలిసి రాస్తున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా, పురుడైన మర్నాటి నుంచీ ఆమె నేను గిన్నె తెచ్చేదాకా ఆగకుండా తనే గోడ పట్టుకుని వచ్చి, కుండ పక్కన నిలబడి అడిగేదని మాత్రమే.

"ఎన్న కట్టిందేటే?"

"కట్టిందత్తా."

గిన్నె చూసేది. చూసి, పడమటి గదిలోకి వెళ్లి, కుంపట్లో ఇంకో గుప్పెడు బొగ్గులు వేసేది. నన్ను పరీక్ష చేస్తోందనుకున్నాను. నూతి దగ్గర అన్న మాట నా మనసులో ఇంకా పచ్చిగానే ఉంది. అందుకని గోనె ఇంకా బాగా తడిపేదాన్ని. ఇసక మార్చి కొత్త ఇసక పోశాను. వెన్న ఇంకా గట్టిగా కట్టేది.

మొదటి రెండు రోజులూ మా ఆడపడుచు హాస్యాలాడుతూనే ఉంది. నేను పిల్లకి నూనె రాయడానికి వెళితే, చెమటతో నుదుటి గుడ్డ తడిసి, జుట్టు అంటుకుపోయి ఉండేది. మంచం కిందకి వేలు చూపించి, "వదినా, కిందన నిప్పు, పైన గొంగళి. ఇంకొంచెం ఉప్పు రాసీమను మీ అత్తని. ఎండుసేపలా బాగుంటాను" అంది. పిల్లని చూసి, "ఇదొక్కర్తే సుకంగా తొంగుంది. ఇది నిప్పుల మీదే పుట్టాననుకుంటాది" అంది.

మూడోరోజుకి హాస్యం తగ్గింది. దాహం అని మాత్రం అనేది. నేను చల్ల చేసే చోటికీ ఆ గదికీ మధ్య ఒక్క మట్టిగోడే. కవ్వం ఆడుతుంటే లోపలికి చప్పుడు వినిపిస్తుంది. నాలుగోరోజు వేకువన ఆ గోడ అవతలినుంచి పిలిచింది. చిన్న గొంతుతో.

"వదినా, సల్ల సప్పుడు ఇంటే గొంతు పీకుతన్నాది. ఒక్క గుక్క ఇయ్యే. అమ్మకి తెలీకుండా."

అత్త ఇంకా లేవలేదు. ఇసకలో ముంత నీళ్లు పోసిన చల్ల, చన్నీళ్ల కంటే చల్లగా ఉంది. చిన్న గ్లాసుతో తీసుకెళ్లాను. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, కళ్లు మూసుకుని తాగింది. మూతి మీద తెల్లగా అంటుకుంది. కొంగుతో తుడిచాను. ఇంకా ఇమ్మన్నట్టు చూసింది. అంతలో అత్త దగ్గు వినిపించి బయటికి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఆమెకి తుమ్ములు వచ్చాయి. రెండో మూడో. పొయ్యి పొగకి వచ్చి ఉంటాయి, లేదా తలగుడ్డలో నలుసుకి వచ్చి ఉంటాయి. మా అత్త మాత్రం కొయ్యబారిపోయింది. మంచం దగ్గరికి వెళ్లి కూతురి నోరు వాసన చూసింది. చల్ల వాసన. నా దగ్గరికి వచ్చి గట్టిగా అరవలేదు. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె చేతులు ఎప్పటిలాగే చల్లగా ఉన్నాయి.

"మా అప్ప ఇలాగే తుమ్మింది. ముందు తుమ్మిందే, తరవాత వణికింది. నీ కాళ్లు పట్టుకుంతానే, నా గుంటని, నా కూతుర్ని సంపీకు."

ఆ మాటతో నేను భయపడిపోయాను. ఇంక ఆ గదిలోకి చల్ల కాదు కదా, తడి గుడ్డ కూడా పట్టుకెళ్లలేదు. వేకువన గోడ అవతలినుంచి పిలిస్తే వినిపించనట్టు కవ్వం ఇంకా గట్టిగా ఆడించాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అయిదోరోజు రోహిణి కార్తె వచ్చింది. సముద్రం గాలి లేదు. పగలు పడమటి గాలి తాటాకులు రాపాడించి రాత్రయ్యేసరికి ఆగిపోయేది. గాలి ఆగితే ఇంకా ఉడుకు. తెల్లవారుజామున కూడా గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలేది. కోళ్లు నోళ్లు తెరుచుకుని గాబు నీడన పడున్నాయి. రాత్రంతా ఆరుబయట పెట్టిన ముంతలో ఊరికే వేలు ముంచి చూశాను. పిల్లకి స్నానం పోసే నీళ్లలా ఉన్నాయి. ఆ నీళ్లతో ఆ పొద్దున వెన్న ఛస్తే కట్టదు.

ఇసకలో ముంత నీళ్లు పోశాను. కట్టింది.

"ఎన్న కట్టిందేటే?"

"కట్టిందత్తా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం మీద చెమట చూశాను. తన చెమట కొంగుతో తుడుచుకుని, తుడుచుకున్న కొంగువైపు కాసేపు చూసింది. తర్వాత గిన్నెలో వెన్నవైపు చూసింది. వెన్ననే నమ్మింది.

ఏడోరోజు పొద్దెక్కేసరికి మా ఆడపడుచు మాట తడబడింది. చెమట ఆగిపోయింది. చెమట ఆగింది, ఒళ్లు కుదురుకుంటోంది అనుకుంది మా అత్త. నేనూ అదే అనుకున్నాను. ఒళ్లు ముట్టుకుంటే కుంపటి మీద పెనంలా కాలుతోంది. మగతలో చిన్నప్పటి ఆటల మాటలేవో అంటోంది. ఉన్నట్టుండి కళ్లు తెరిచి, గోడవైపు తిరిగి, కవ్వం ఆడుతున్నట్టు రెండు చేతులూ ముందుకీ వెనక్కీ ఆడించింది.

మా ఆయన చెరువుగట్టు పనికి వెళ్లినవాడు అన్నానికి వచ్చాడు. మగవాళ్లు పురిటి గదిలోకి రారు. గుమ్మంలోంచి చూసి, చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి చెల్లెలి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. కాలితో కుంపటిని మంచం కిందనుంచి బయటికి తన్నేసి, బండి కట్టడానికి వెళ్లాడు. నిప్పులు గది నిండా చెదిరాయి. నేను చీపురుతో తోశాను. మా అత్త పిల్లని ఎత్తుకుని మూల నిలబడిపోయింది.

గజపతినగరం ఆసుపత్రికి వెళ్లాలి. నడి మధ్యాహ్నం. బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. పైన తాటాకు చాప కట్టాం. ఆ ఎండలో ఆమె ఒంటి మీద ఏదైనా చల్లగా వెయ్యాలనిపించింది. ఏమీ ఆలోచించకుండా దడి వెనక్కి పరిగెత్తి, ఇసక గుంట మీది గోనెపట్టా లాక్కొచ్చి, నీళ్లు కారుతుండగానే మెడ నుంచి కాళ్ల దాకా కప్పేశాను. ఆమె ఒక్కసారి నిట్టూర్చింది. వారం రోజుల్లో ఆ ఒంటికి తగిలిన మొదటి చలవ అది.

బండి ఊరు దాటింది. మా అత్త పిల్లతో తలవైపు, నేను కాళ్లవైపు. కాసేపటికి ఆమె చెయ్యి చాచి కూతురి మీది గోనె తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వేకువన చల్ల చేతులతో పట్టుకుని పట్టుకుని ఆ గోనెకి చల్ల వాసన పట్టేసింది.

"ఈ పట్టా ఏటే? ఇంత సల్లగా ఎలాగున్నాది?"

చెప్పేశాను. ఇసక గుంట, ముంత, అన్నీ. ఆమె ముఖం చూడకుండా చెప్పాను.

"ఎప్పట్నుంచి?"

"సైత్రం నుంచి అత్తా. నువ్వు నూతికాడ అన్నావు కదా."

ఆమె గోనె అంచు పట్టుకుని నలిపింది. ఎద్దుల మెడలో మువ్వలు, చక్రాల కిర్రు. తర్వాత ఆ వెన్న లెక్క చెప్పింది. నాకు కాదు, పడుకున్న కూతురికి చెబుతున్నట్టు. వెన్న కట్టకపోతే నిప్పు తీసేద్దామనుకున్నాను తల్లీ, రోజూ పొద్దున్నే వెళ్లి అడిగాను, ఇవాళైనా కట్టకూడదని దండం పెట్టుకుని అడిగాను, అని. నేను బండి చట్రం పట్టుకుని కూర్చున్నాను. చెక్క కాలుతోంది. చెయ్యి తియ్యలేదు.

దారిలో రోడ్డు కలిసేచోట చలివేంద్రం ఉంది. కొబ్బరాకుల పందిరి, ఇసకలో నాలుగు కుండలు, ఒక ముసలాయన. మా ఆయన బండి ఆపి చెంబుతో నీళ్లు తెచ్చాడు. మా అత్త పిల్లని నాకిచ్చి చెంబు అందుకుంది. కూతురి తల ఒళ్లో పెట్టుకుని, తలగుడ్డ విప్పేసి, చెవుల్లో దూది తీసి పారేసి, తన చేత్తో తనే నోట్లో నీళ్లు పోసింది. "తాగమ్మా. నీ ఇట్టం. ఎంత కావాలంటే అంత తాగు" అంది. నీళ్లు పెదవుల పక్కనుంచి కారి గోనెలో ఇంకిపోయాయి. మళ్లీ పోసింది. మళ్లీ కారిపోయాయి. చెంబు అయిపోయేదాకా పోసింది. ముసలాయన ఇంకో చెంబు పట్టుకుని వచ్చి, చూసి, అక్కడే నిలబడిపోయాడు.

అక్కణ్నుంచి బండి వెనక్కి తిప్పాం.

సన్నిపాతం అని చెప్పింది మా అత్త అందరికీ. అల్లుడికీ అదే చెప్పింది. ఊరు నమ్మింది, రోహిణి కార్తెలో ఇంకా ముగ్గురు ముసలివాళ్లు పోయారు, ఎవరి చావుకి ఎవరూ కారణాలు వెతికే ఓపికలో లేరు. మా ఆయన కుంపటిని పట్టుకెళ్లి చెరువులో పారేశాడు. పిల్ల మా దగ్గరే ఉండిపోయింది. పక్కింటి పచ్చిబాలింత పాలు కొన్నాళ్లు, తర్వాత గేదెపాలు. అల్లుడు ఏడాదికి మళ్లీ పెళ్లి చేసుకుని, పిల్లని చూడ్డానికి రావడం మెల్లిగా మానేశాడు.

కర్మలు అయిన మర్నాడు నేను వేకువన లేచేసరికి మా అత్త చల్లకుండ పక్కన కూర్చుని ఉంది. ఆరుబయటి ముంత తనే తెచ్చుకుంది. చెయ్యమంది. తాడు పట్టుకోడానికి నా చేతులు రాలేదు. మళ్లీ చెయ్యమంది. చేశాను. నురగ విరిగింది. ఆ ముంత నీళ్లు తనే పోసింది. చిలికాను. తెల్లవారింది, ఎండ పొడ వాకిట్లోకి వచ్చింది, తిరగలి రాయిని తాకింది. ఆమె కుండలో చెయ్యి పెట్టి తిప్పి పైకి తీసింది. వేళ్లకి జిడ్డు. ఆ వేళ్లవైపు చూస్తూ అంది.

"నీ సెయ్యి కాదే. మా అత్త నన్ను అన్నాది, నాను నిన్ను అన్నాను. మన సేతులు కాదు."

అంతకంటే ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ ఇసక గుంట నేను పూడ్చేశాను. అప్పటి నుంచి ఏ ఏడు ఏ నెలలో వెన్న కట్టడం మానిందో నాకు గుర్తు. మొదట చైత్రం మధ్యలో మానేది. తర్వాత ఉగాదికి. తర్వాత ఫాల్గుణంలో. మధ్యలో ఒక ఏడు చలి బాగా ఉండి, మళ్లీ వెనకటి రోజులొచ్చాయనుకున్నాను. రాలేదు. నాలుగో తరగతితో చదువు ఆపేసినదాన్ని, పుస్తకాల్లో ఏముందో తెలీదు. కొండ మీది అడవో, ఎండిన గెడ్డలో, ఇంకేదో. నాకు తెలిసింది కుండ ఒక్కటే.

మా అత్త ఇంకో పదేళ్లు బతికింది. మనవరాలిని పెంచుకుంది. ఆ పిల్ల ఎప్పుడు దాహం అన్నా, ఏ పనిలో ఉన్నా వదిలేసి తనే లేచి నీళ్లిచ్చేది. ఆఖరి ఫాల్గుణంలో మంచాన పడింది. చూపు పోయింది, చెవులు మిగిలాయి. నేను చల్ల చేస్తుంటే గోడ అవతలినుంచి, తన కూతురు పడుకున్న ఆ గదిలోంచే, వింటూ ఉండేది. ఆ బండి రోజు తర్వాత ఆమె వెన్న సంగతి నన్ను అడగలేదు. ఒక వేకువన అడిగింది.

"ఎన్న కట్టిందేటే?"

శివరాత్రి దాటి వారం కూడా కాలేదు. కట్టాల్సిన రోజులు. కట్టిందంటే ఆమె తృప్తిగా కళ్లు మూసుకునేది. నా చేతివేళ్లకి జిడ్డు కారుతోంది. లేచి గదిలోకి వెళ్లాను. ఆమె కాళ్ల మీద ఎప్పటిలాగే దుప్పటి మడతలు వేసి ఉంది. కాళ్లు ముట్టుకుంటే ఎప్పటిలాగే చల్లగా ఉన్నాయి.

"కట్టలేదత్తా" అన్నాను.

ఆమె కాళ్లు కొంచెం కదిపింది.

"అయితే నా కాళ్ల మీద దుప్పటి తీసీయే" అంది.